ఎనభై రెండేళ్ళ కడుపు

మణిభద్రపురంలో ముసలివాళ్ళు లేరు. పిల్లలూ లేరు.

ఏడు ప్రాకారాల ఆ మహానగరంలో మేడలన్నీ పాలరాతివి. వీధి వీధికీ పన్నీరు చిమ్మే జలయంత్రాలు. బాటకు రెండు వైపులా పొగడ చెట్లు తెల్లవారేసరికి నేలంతా పూలు పరుస్తాయి. ఏరి దండ గుచ్చుకునే చిన్నచేతులు లేక ఆ పూలు పడ్డచోటే వాడిపోతాయి. బొమ్మల అంగడికి పేరు మాత్రం మిగిలింది, అక్కడ ఇప్పుడు తలపాగాలు అమ్ముతున్నారు. రాజు విరూపసేనుడికి రెండువందల ఎనభై ఏడేళ్ళు. చూస్తే ముప్పై దాటినట్టు ఉండడు. యువరాజుకు రెండువందల యాభై. పట్టాభిషేకానికని కుట్టించుకున్న అంగరఖా చీకిపోతే మళ్ళీ కుట్టించుకోవడం ఇది తొమ్మిదోసారి.

ఇదంతా స్థిరరసం మహిమ. రాజవైద్యుడు అశ్వకర్ణుడు ఆ రసాన్ని వండిన నాటి నుంచి నగరంలో చావు వింత అయిపోయింది. చావు లేకపోయేసరికి పుట్టుకకు చోటు లేకపోయింది. ఒకరు పోతేనే ఒకరు పుట్టాలన్నది రాజశాసనం. అందుకు అనుమతిగా ఇచ్చేది ఊయెల ముద్ర. ఆ ముద్ర ఎవరికైనా దక్కి ముప్పై ఏడేళ్ళయింది. అదీ, ఒక సామంతుడు గుర్రం మీది నుంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు కాబట్టి.

ఆ శాసనం తన గుడిసె దాకా వస్తుందని తేనెలకొండ కేదారుడు ఎన్నడూ అనుకోలేదు. పొన్నారితో అతని పెళ్ళయి ఇంకా ఏడు నెలలు నిండలేదు. గాజుల చప్పుడు వినగానే, అవతల గదిలో ఆమె జడ వేసుకుంటున్నదో పిండి కలుపుతున్నదో చెప్పగలిగేంత కొత్త కాపురం. పొన్నారికి అయిదో నెల. రోజూ పొద్దున్నే కేదారుడు ఆమె పొట్టకు చెవి ఆనించి, "లోపల నీ కొడుకు తేనె అడుగుతున్నాడే" అనేవాడు. "కొడుకు కాదు, కూతురు. అడుగుతున్నది చింతకాయ" అని ఆమె అతని జుట్టు పట్టి గుంజేది.

మూడు రోజుల కిందట అతను నడుముకు తాడు కట్టుకుని చరియ మీద తేనెపట్టు కోస్తుండగా, పైన రాజభటులు వచ్చి పొన్నారిని ఎత్తుకుపోయారు. ముద్ర లేని కడుపు నేరమట. కేదారుడు పైకి ఎగబాకేసరికి పొయ్యి మీద అంబలి ఇంకా పొంగుతూనే ఉంది. దాన్ని దించకుండానే పరుగెత్తాడు.

దారిలో ఒక చింతతోపులో అతనికి మధుపాలుడు కనిపించాడు. స్థిరరసంలో కలిపే కొండతేనెను ఏడాదికొకసారి నగరానికి చేర్చే అధికారి అతను. గుర్రాన్ని చెట్టుకు కట్టి, తేనెకుండ పక్కన పెట్టుకుని గురక పెడుతున్నాడు. మరుక్షణం గుర్రం ఉన్న చెట్టుకే అధికారి కూడా కట్టుబడ్డాడు. అతని పట్టుబట్టలు, తలపాగా, వేలి ఉంగరం కేదారుడి ఒంటి మీదికి వచ్చాయి. మధుపాలుడి హోదాకు గుర్తు తలపాగా అంచు నుంచి గడ్డం దాకా దిగే సన్నని తేనెటీగల వల. ముఖం కనపడదు. భుజం మీది ఉత్తరీయానికి నాలుగు బంగారు ముడులున్నాయి. ముడికి యాభై ఏళ్ళు.

ఇరవై నాలుగేళ్ళ కేదారుడు రెండువందల ఏళ్ళ దొరగా సింహద్వారం ముందు గుర్రం దిగేసరికి పొద్దు నడినెత్తికి జానెడు దూరంలో ఉంది.

ద్వారం దగ్గరి బంటు ఈటె అడ్డం పెట్టి, వల చూసి, గబుక్కున వెనక్కు తీశాడు.

"దండాలు మధుపాల దొరా! ఈసారి ఆలస్యమైందే? అయ్యో, మాట్లాడకండి, మాట్లాడకండి! తమరు రోజుకు మూడు మాటలకు మించి పలకరని ఊరందరికీ తెలుసు. రెండువందల ఏళ్ళలో చెప్పాల్సినవన్నీ చెప్పేశారట గదా!"

కేదారుడు గంభీరంగా తల ఊపాడు. లోపల ప్రాణం లేచొచ్చింది. కొండయాస బయటపడుతుందేమోనని అతను దారంతా భయపడుతూనే వచ్చాడు.

"నాకు మాత్రం చెప్పాల్సినవి బోలెడున్నాయి దొరా" అంటూ బంటు గుర్రం కళ్ళెం పట్టుకుని నడిచాడు. "నాకు తొంభై ఆరు. డెబ్బై ఆరేళ్ళుగా ఈ గుమ్మంలోనే బంటుని. పైన దళవాయికి నూట తొంభై. ఆయన దిగడు, నేను ఎక్కను. పోనీ పెళ్ళన్నా చేసుకుందామంటే, పిల్ల తండ్రి సరేనన్నాడు. ఆయన తండ్రి కూడా సరేనన్నాడు. ఆ పైతండ్రి మాత్రం ఆలోచించి చెబుతానన్నాడు. అన్నది ముప్పై ఏళ్ళ కిందట!"

వల వెనక కేదారుడు పెదవి కొరుక్కున్నాడు, నవ్వు రాకుండా.

"నిరీక్షణ సౌధానికే గదా? త్వరపడండి. మధ్యాహ్న శంఖం ఊదగానే తలుపులు మూస్తారు. కొత్తగా తెచ్చిన కొండపిల్లకు ఇవాళ తొలి గిన్నె. ఆ పిల్లకు నోరు మహా ఎక్కువ దొరా. నన్ను పట్టుకుని 'ఏరా తాతా, పక్కకు జరుగు' అంది!"

కేదారుడి నవ్వు ఎగిరిపోయింది.

తొలి గిన్నె సంగతి కొండల్లో కూడా అందరికీ తెలుసు. గర్భిణి స్థిరరసం తాగితే ఆమె ఒంట్లో కాలం ఆగిపోతుంది. కడుపులో బిడ్డ ఎంత ఉందో అంతే ఉండిపోతుంది. పెరగదు, పుట్టదు. నగరంలో ఎవరో ఒకరు చచ్చి చోటు ఖాళీ అయ్యేదాకా ఆ తల్లి రోజూ మధ్యాహ్నం గిన్నె తాగుతూ కూర్చోవాలి. పదేళ్ళో, వందేళ్ళో.

అతను గుర్రమెక్కి అదిలించాడు.

నగరం పడమటి అంచున, నీలవేణి నది కోసుకున్న లోయ మీదికి వంగి చూస్తున్నట్టుంది నిరీక్షణ సౌధం. ఎనిమిది మూలల మేడ. గోడలనిండా పచ్చలు పొదిగిన చిలకలు, పగడపు ముక్కులతో. నేల ఎంత నునుపంటే, నడుస్తుంటే కింద మరో మనిషి తలకిందులుగా నడుస్తున్నట్టు ఉంటుంది. లోపలి చావడిలో నలభైమంది స్త్రీలు వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ నిండు మనుషులే. అందరి చేతుల్లోనూ సూదీ దారం. పసిపిల్లల చొక్కాలు కుడుతున్నారు. కుట్టి పడేసిన చొక్కాలు ఒక మూల గోడకు చేరవేసి, పైకప్పు దాకా గుట్టగా పెరిగి ఉన్నాయి. అరచేతికన్నా పెద్దది ఒక్కటీ లేదు.

చావడి మధ్యలో వెండి దండంతో నిలబడి ఉన్నాడు రాజవైద్యుడు అశ్వకర్ణుడు. రెండువందల తొంభై రెండేళ్ళవాడు. బుగ్గలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి, కళ్ళు మాత్రం నీళ్ళింకిన బావుల్లా ఉన్నాయి. అతని దండం తగిలితే కదిలేది ఏదైనా ఆగిపోతుందని లోకమంతా చెప్పుకుంటుంది.

కిటికీ పక్కన, పట్టుతాడుతో చేతులు కట్టి, పొన్నారిని కూర్చోబెట్టారు. జుట్టు రేగి ఉంది. బొట్టు చెరిగి ఉంది. వస్తున్న అధికారిని కోపంగా చూసింది. చూపు కిందికి దిగింది. తాడు ఒరిపిడికి కాయలు కాసిన ఆ కాలివేళ్ళు ఆమెకు తెలియనివా!

"ఈ దొరగారెవరో గానీ, కాలివేళ్ళు అచ్చం మా కొండ కోతి వేళ్ళే!" అంది పైకి. అని, నవ్వు కనపడకుండా మోకాళ్ళలో ముఖం దాచుకుంది.

"నోరు ముయ్యి" అన్నాడు అశ్వకర్ణుడు. "రా మధుపాలా. తేనె ఇటు ఇవ్వు. ఈ పిల్ల గిన్నె కలిపేస్తాను. శంఖానికి వేళవుతోంది."

స్త్రీలలో పెద్దరికం గల ఒకామె లేచి వచ్చి తేనెకుండ అందుకుంది. నుదురు విశాలంగా, మాట నిదానంగా ఉన్న మనిషి. పేరు సౌదామిని. నిండు తొమ్మిదో నెల కడుపుతో ఆమె ఈ చావడిలోకి వచ్చి ఎనభై రెండేళ్ళయింది.

కేదారుడు మధుపాలుడి ఉంగరం ఎత్తి చూపాడు. ఉన్నవి మూడు మాటలు. ఒక్కొక్కటే రాయి పేర్చినట్టు పలికాడు.

"రాజాజ్ఞ. కొండపిల్ల. నాతో."

అశ్వకర్ణుడి కనుబొమలు ముడిపడ్డాయి. "రాజుగారికి కొండపిల్లతో ఏం పని?"

కేదారుడి దగ్గర ఇక మాటలు లేవు. ఉంగరాన్ని ఇంకాస్త పైకెత్తాడు. నీటి గడియారంలో బొట్టు బొట్టుగా నీళ్ళు పడే చప్పుడు చావడి అంతా వినిపిస్తోంది.

"కొండల్లో కొత్త పట్లు ఎక్కడున్నాయో అడగడానికేమో" అంది సౌదామిని, కుండ కింద పెడుతూ. "పోయినేడు తేనె చాలలేదని రాజుగారు చిరాకుపడ్డారు గదా."

అశ్వకర్ణుడు గడియారం వైపు చూశాడు. "సరే. శంఖంలోగా వెనక్కి తెచ్చి అప్పగించు. ఒక్క క్షణం ఆలస్యమైనా రాజుగారికి నువ్వే సంజాయిషీ చెప్పుకోవాలి."

భటుడు పట్టుతాడు విప్పాడు. పొన్నారి లేచింది. ఒక అడుగు. రెండు. మూడు. ఆమె చీరకంటిన పొయ్యి పొగ వాసన కేదారుడికి తగిలింది. ఆ వాసనకే అతనికి కళ్ళు తడయ్యాయి.

సరిగ్గా అప్పుడే అశ్వకర్ణుడు నడుము దోపిలోంచి పొడుం డబ్బీ తీసి, చిటికెడు ముక్కుకు ఎక్కించాడు. ముఖం చిట్లించాడు. చావడి మారుమోగేట్టు తుమ్మాడు.

"నూరేళ్ళు!" అన్నాడు కేదారుడు.

అనాలనుకుని అనలేదు. తేనెలకొండలో ఎవరు తుమ్మినా పక్కనున్నవాడు రెప్ప వేసేలోగా ఆ మాట అనాలి. తొట్టిలో బిడ్డ తుమ్మినా, పోట్లాటకొచ్చిన దాయాది తుమ్మినా అంతే. పుట్టిన దగ్గర్నుంచి విన్న మాట, అనుకునేలోపే నోట్లోంచి దూకేసింది.

నలభై సూదులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మణిభద్రపురంలో అంతకన్నా ఘోరమైన తిట్టు లేదు. మూడువందల ఏళ్ళు బతకబోయేవాణ్ణి పట్టుకుని వందకే చావమనడం అది. ఆ మాట అన్న నాలుకను రాజు కోయించిన రోజులున్నాయి.

అశ్వకర్ణుడి ముఖం పాలిపోయింది. "ఈ మాట విని నూట అరవై ఏళ్ళయింది" అన్నాడు మెల్లగా. "కొండవాళ్ళు తప్ప ఎవరూ అనరు. ఎవడ్రా నువ్వు?"

"మావా!" అని పొన్నారి తల పట్టుకుంది. "నీ మర్యాద మండా! మా అన్న తుమ్మితే ఒక్కనాడైనా అన్నావా?"

వెండి దండం గాలిని కోస్తూ వచ్చింది. కేదారుడు ఒంగాడు. దండం తలపాగాకు తగిలి, తలపాగా ఊడి, కింద పడకుండా గాలిలోనే నిలిచిపోయింది. భటులు కత్తులు దూసి ఉరికారు. కేదారుడు తేనెకుండను ఎత్తి వాళ్ళ మీదికి విసిరాడు. అశ్వకర్ణుడి రెండో దెబ్బ అతనికి తగలాల్సింది, ఒలుకుతున్న తేనెకు తగిలింది. సగం తేనె బంగారు కొరడాలా వంపు తిరిగి, ఎండలో మెరుస్తూ, నడిగాలిలో బిగుసుకుంది. మిగిలిన సగం నునుపు నేల మీద పరుచుకుంది. ముందు వచ్చిన భటుడు కాలు జారి వెల్లకిలా పడ్డాడు. అతని మీద రెండోవాడు, ఇద్దరి మీద మూడోవాడు.

"చీమలు పడతాయి, లేవండయ్యా!" అని అరిచాడు కేదారుడు, నాలుగోవాడి కత్తిని లాక్కుంటూ.

అంతలో బయట శంఖం మోగింది.

చావడిలో స్త్రీలందరికీ ఆ వేళకు గిన్నె ఎత్తి తాగడం అలవాటు. ఈసారి ఒక్క చెయ్యీ కదలలేదు. అశ్వకర్ణుడు మాత్రం కదిలాడు. రెండంగల్లో పొన్నారిని చేరి, ఆమె దవడ పట్టి, వరసలోంచి అందుకున్న రసం గిన్నెను పెదవులకు నొక్కాడు. పొన్నారి పళ్ళు బిగించింది. రసం గడ్డం మీదుగా కారుతోంది. ఊపిరి ఆడక ఆమె ముఖం ఎర్రబడుతోంది. కేదారుడికీ ఆమెకూ మధ్య ఇద్దరు భటులు, రెండు కత్తులు. అందుకోలేడు. పొన్నారి ఎంతసేపు బిగబట్టగలదు? ఊపిరి కోసం నోరు తెరిస్తే చాలు, ఆమె కడుపులో కాలం ఆగిపోతుంది.

సౌదామిని వాళ్ళ వెనకున్న మూలకు నడిచింది. రెండు చేతులూ చాచి, గోడకు చేరవేసిన చొక్కాల గుట్టను ఒక్కసారిగా తోసింది.

ఎనభై రెండేళ్ళ కుట్టుపని కొండచరియ విరిగినట్టు కూలింది. వేలవేల బుల్లి చొక్కాలు, పసుపువి, ఎర్రవి, చిలకాకుపచ్చవి, అడ్డమున్న భటులిద్దర్నీ పడదోసి, అశ్వకర్ణుణ్ణి నడుము దాకా, భుజాల దాకా, తల దాకా కప్పేశాయి. గిన్నె ఎగిరి కిటికీలోంచి లోయలో పడింది. గుట్ట అడుగు నుంచి వెండి దండం కొస ఒక్కటే పైకి పొడుచుకొచ్చి, దారి వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ ఊగుతోంది.

గుట్ట అంచు నుంచి బయటపడ్డ పొన్నారి దగ్గుతూ, ఉమ్ముతూ కేదారుడి మీద వాలింది. "ఒక్క చుక్క కూడా మింగలేదు మావా. ఒట్టు."

సౌదామిని వాళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. ఆమె ఊపిరి ఎగపోస్తోంది.

"ఇందాక ఆ తుమ్మినాయనకు ఒక మాట అన్నావు" అంది కేదారుడితో. "నా బిడ్డకు కూడా అను."

కేదారుడు కత్తి కింద పెట్టాడు. చేతులు జోడించాడు. "నీ కడుపున పుట్టేవాళ్ళు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి అక్కా."

ఆమె కళ్ళు మూసుకుని ఆ మాటను లోపలికి తీసుకున్నట్టు నిలబడింది. తెరిచేసరికి ముఖం మారిపోయింది. "పదండి. బట్టల గంప ఉంది."

సౌధంలో ఉతకాల్సిన బట్టలన్నీ ఒక పెద్ద వెదురు గంపలో వేసి, కప్పీ మీదుగా లోయలోకి, కింది చాకిరేవుకు దింపుతారు. గంప మనిషి ఎత్తు ఉంటుంది. కప్పీ చక్రం తిప్పడానికి ఆరుగురు కావాలి. ఆరుగురు కాదు, పదిమంది స్త్రీలు పరుగెత్తుకొచ్చారు. మిగిలినవాళ్ళు సూదులు పట్టుకుని తలుపుకు అడ్డం నిలబడ్డారు. వాళ్ళను దాటాలంటే భటులకు ధైర్యం చాలలేదు. అందరూ వాళ్ళ అమ్మమ్మల వయసువాళ్ళు.

"నువ్వూ ఎక్కు అక్కా" అంది పొన్నారి. "ఇక్కడుంటే నిన్ను బతకనిస్తాడా?"

"బతకనివ్వడమే గదమ్మా వాడు చేసే శిక్ష!" అంటూ సౌదామిని గంపలో కాలు పెట్టింది.

చక్రం కిర్రుమంది. గంప లోయలోకి దిగసాగింది. చల్లని గాలి ముఖాన కొట్టింది. అడుగున నీలవేణి నురుగులు కక్కుతూ ఉరుముతోంది. రాతి చీలికల్లో అడవి మొల్లలు విరగబూసి ఉన్నాయి. పొన్నారి గంపలోంచి వంగి ఒక రెమ్మ తెంపి జడలో పెట్టుకుంది.

"ఇప్పుడా పూలు!" అన్నాడు కేదారుడు.

"మూడు రోజులైంది మావా పూలు పెట్టుకుని" అంది ఆమె.

సౌదామిని వాళ్ళిద్దరినీ చూస్తూ చిన్నగా నవ్వింది. "మా ఆయనతో నాది నూట నలభై ఏళ్ళ కాపురం. మొదట్లో మేమూ ఇలాగే ఉండేవాళ్ళం. తర్వాత మాటలు అయిపోయాయి. ఇప్పుడు పండగకు వచ్చి, ఎవరో అధికారిని చూసినట్టు నమస్కారం పెట్టి వెళ్తాడు. తప్పు ఆయనది కాదు, నాదీ కాదు. అన్నేళ్ళకు సరిపడా కబుర్లు ఎవరి దగ్గరుంటాయి?"

గంప ఒక్క కుదుపుతో ఆగింది.

కేదారుడు పైకి చూశాడు. తాడు రాతికడ్డీలా బిగుసుకుపోయి ఉంది. కప్పీ చక్రం మీద వెండి దండం ఆనించి, తల మీద ఒక పచ్చ చొక్కా వేలాడుతుండగా, అశ్వకర్ణుడు లోయలోకి వంగి చూస్తున్నాడు.

"కొండవాడా!" అతని గొంతు రాళ్ళ మధ్య పదిసార్లు మోగింది. "ఆ పిల్లను తీసుకుని పైకి రా. నీకూ మూడువందల ఏళ్ళిస్తాను, నీ పెళ్ళానికీ ఇస్తాను. ఇదే వయసు, ఇదే కొత్తదనం. రోజూ పెళ్ళైన మర్నాడే అనుకో! కాదన్నావా, కింద రేవులో నా విలుకాళ్ళున్నారు. చూసుకో!"

నిజమే. కింద ఒడ్డున పన్నెండుమంది విళ్ళు ఎక్కుపెట్టి నిలబడ్డారు.

కేదారుడు పొన్నారి ముఖంలోకి చూశాడు. చెంపకు రసం మరక, జడలో మొల్ల రెమ్మ. ఆ ముఖాన్ని మూడువందల ఏళ్ళు చూడొచ్చునన్న మాట ఒక్క క్షణం అతన్ని లాగింది.

"మూడువందల ఏళ్ళు నీ గురక వినాలా?" అంది పొన్నారి. ఆమె చెయ్యి పొట్ట మీద ఉంది. "లోపల తన్నుతోంది మావా. గట్టిగా తన్నుతోంది. ఆయనకు చెప్పు."

కేదారుడు తల ఎత్తి అరిచాడు. "మా ఇంట్లో ముగ్గురం వైద్యుడా! మూడోది ఒప్పుకోవడం లేదు!"

ఒక బాణం గంప అంచుకు వచ్చి గుచ్చుకుని వణికింది. తాడు కదలదు. రేవు ఇంకా నలభై బారల కింద ఉంది. చేతికందే దూరంలో చరియ మీద మాత్రం, అరిగిన రాతిలో, తేనెటీగలు గూడు కట్టే చీలిక ఒకటి కనిపిస్తోంది. గంపను ఊపి, ఆ చీలికను దొరకబుచ్చుకోగలిగితే చాలు. కేదారుడు కాళ్ళు తన్నిపెట్టి గంపను ఊపడం మొదలుపెట్టాడు. ఒక ఊపు. రెండు ఊపులు. వేళ్ళు రాయికి తగిలి జారాయి.

"అక్కా, నువ్వు కూడా అటు ఒరుగు! అక్కా!"

సౌదామిని రెండు చేతులా గంప అంచు పట్టుకుని, పెదవి పంటి కింద బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి ఎటో చూస్తోంది. ఆమె పాదాల దగ్గర గంప అడుగు తడిసి, వెదురు సందుల్లోంచి నీళ్ళు లోయలోకి చుక్కలుగా రాలుతున్నాయి.

"ఏమైందక్కా?" అని పొన్నారి ఆమె భుజం పట్టుకుంది.

"శంఖం ఊదినప్పుడు నేను గిన్నె తాగలేదమ్మా." ఆమె గొంతులో భయం ఉంది. ఆ భయాన్ని తోసుకుని వస్తున్న నవ్వు కూడా ఉంది. "ఎనభై రెండేళ్ళు ఆగాడు. ఇక ఆగనంటున్నాడు."

రెండో బాణం కేదారుడి భుజాన్ని గీరుకుంటూ పోయింది. పొన్నారి చీరచెంగు బిగించి నడుముకు దోపుకుంది.

"మావా, బాణాల సంగతి నువ్వు చూడు" అంది. "ఇక్కడి సంగతి నేను చూస్తాను."